ఎడమచేతి వరస

ఆ పొద్దు నేను మొదట తిట్టబోయింది నా పక్కన కూర్చున్న పిల్లని.

పొద్దున పదకొండు అయింటుంది. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో, మిద్దె మీద నా మగ్గం వర్కు గది. మంచం చట్రం లాంటి కట్టెల మధ్య రవిక గుడ్డను బిగదీసి కట్టి, కొక్కెం ముక్కున్న సూదితో దాని మీద జరీ, పూసలు కుట్టడం మా పని. మూడు చట్రాలు, ఎనిమిది మంది ఆడపిల్లలు, నేను. పులివెందుల పెండ్లికూతురి రవిక చేతుల మీద గొలుసు కుట్టు వేస్తా ఉన్నాను. ఉన్నట్టుండి సూది జారి కింద పడింది. పక్కనున్న పిల్ల మోకాలు తగిలి చట్రం కదిలిందేమో అనుకున్నాను. "కండ్లు యాడ పెట్టుకున్నావే" అందామని నోరు తెరిచినాను. శబ్దం వచ్చింది గానీ అందులో మాట లేదు. నోట్లో తడిగుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టు ఏదో వచ్చింది.

పిల్లలందరూ తలలెత్తి నా మొగం వైపు చూసినారు. నా మొగానికి ఏదో అయిందని వాళ్ల చూపులను బట్టే నాకు తెలిసింది. సూది తీసుకుందామని వంగితే కుడిచెయ్యి నాతో రాలేదు. ఒళ్లో అట్లే పడి ఉంది. నా చెయ్యేనా అని దాని వంక చూసినాను. వేలికి నా ఉంగరమే ఉంది.

ఇద్దరు పిల్లలు రెక్కలు పట్టుకుని మెట్లు దింపి ఆటో ఎక్కించినారు. త్వరగా తెచ్చినారు కాబట్టి ఇంతటితో పోయిందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. పక్షవాతం అనే మాట ఆమె నోటి నుంచి విన్నప్పుడు, పక్క మంచంలో ఎవరి గురించో చెబుతోంది అనుకున్నాను. నాకు నలభై ఏడేండ్లు. ముందు రోజు సాయంత్రం కూడా సంతలో చిక్కుడుకాయలు ఏరుకున్న చెయ్యి అది.

ఇంటికొచ్చిన పది పదిహేను రోజులకు మాట తిరిగి వచ్చింది. నిదానంగా, ఒక్కో మాటను లోపల నుంచి తోడుకున్నట్టు వచ్చేది. కాలు కొంచెం ఈడ్చుకుంటూ నడవగలిగినాను. చెయ్యి మాత్రం రాలేదు. పిసకమని మెత్తటి రబ్బరు బంతి ఇచ్చినారు. వేళ్లు దాని మీద ఆనేవి గానీ అదిమేవి కావు. ఇరవై రెండేండ్లు ఆ వేళ్ల మీదే బతికినాను. ఆమె వేసిన గీత తప్పదు అని ప్రొద్దుటూరులో నాకు పేరు. రోజూ మధ్యాహ్నం ఆ బంతిని ఎడమచేత్తో తీసి గోడకేసి కొట్టేదాన్ని. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి మంచం కింద వంగి దాన్ని ఏరి మళ్లీ నా పక్కన పెట్టేవాడు.

మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. జమ్మలమడుగు బస్సు ఆయనది. ఒక దినం అన్నం కలిపి పెడతా చెప్పినాడు.

"మే, ఈ పొద్దు బస్సులో ఒకామె నిన్ను అడిగింది. నీ దగ్గర పని నేర్చుకుందంట. నీకిట్లయిందని చెప్పినా. దిగేటప్పుడు, రేపు వస్తానని చెప్పింది."

నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఎంతమందో నాకే తెలీదు. ఎవరో చూసి పోవడానికి వస్తుందిలే అనుకున్నాను.

మరుసటి రోజు వచ్చింది. బురఖా తీసి కుర్చీ వీపు మీద వేసి, మంచం పక్కన కింద కూర్చుంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేండ్ల మనిషి. మొగం చూస్తే గుర్తు రాలేదు.

"నేనక్కా, జమ్మలమడుగు పిల్లని. తొమ్మిదేండ్ల కింద దినామూ బస్సెక్కి వచ్చేదాన్ని కదా."

అప్పుడు కూడా మొగం గుర్తు రాలేదు. వేళ్లు గుర్తొచ్చినాయి. సన్నగా, పొడుగ్గా, కొసలు కొంచెం వెనక్కి వంగిన వేళ్లు. అట్లాంటి వేళ్లున్న పిల్ల మళ్లీ నా దగ్గరికి రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె ఎందుకు మానేసిందో మాత్రం తెలీదు. పెండ్లి చేసింటారు అనుకున్నట్టు గుర్తు.

ఆమె సంచిలో నుంచి ఒక పాత లుంగీ ముక్క, దాని మీద వేసిన చున్నీ ముక్క, ఒక దబ్బలం, ఎర్రదారం తీసింది. దబ్బలం అంటే గోనెసంచులు కుట్టే లావు సూది. నా లాంటి దానికి దబ్బలం ఇవ్వడమంటే ఏమిటో మగ్గం పని చేసే వాళ్లకే అర్థమవుతుంది. నాకు ఒళ్లు మండింది.

"ఎడమచేత్తో కుట్టండక్కా," అంది.

"రాదు."

"రాదని నాకూ తెలుసు. రాకుండానే కుట్టండి."

ఆ గుడ్డ జారకుండా తన మోకాలి మీద పరిచి పట్టుకుంది. కుట్టినాను. మొదటి కుట్టు పడింది. రెండోది దానికి ఆమడ దూరంలో పడింది. మూడోది వరస తప్పి కిందికి పోయింది. సూది వదిలేసి నా ఎడమచేతి వంక చూసి, ఇంటి నాలుగు గోడల మధ్య దినానికి పదిసార్లు అనుకుంటున్న మాటే గట్టిగా అన్నాను. "పనికిమాలిన చెయ్యి. సూది పట్టే మొగమా ఇది."

ఆమె గుడ్డను మోకాలి మీద నుంచి తీసి పక్కన పెట్టింది.

"ఆ మాటలు నాకు తెలుసక్కా," అంది. "అచ్చం అవే. ఒక మాట కూడా మారలా. మీరు నాతో అన్నారు."

"నేనా? ఎప్పుడు?"

"మీకు గ్యాపకం లేదా?"

లేదు. నిజంగా లేదు. ఆ సంగతి ఈ పొద్దు రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగా ఉంది. ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు. పక్కింట్లో ఏం జరిగిందో చెప్పినట్టు చెప్పింది.

ఒక మెరూన్ పట్టు రవిక. వెనక నేను నెమలి గీసి ఇచ్చినాను. ఆ నెమలి తోక చివర్లలో నేను గీసిన కండ్లకు బదులు ఆమె తెల్లపూసలతో మునగపూలు కుట్టింది. వాళ్ల ఇంటి ముందర మునగచెట్టు ఉండేదంట. బాగుంటుందనుకుంది, నేను మెచ్చుకుంటాననుకుంది. నేను బ్లేడు తీసుకుని ఆ పూలన్నీ ఒకటొకటిగా కోసి పారేసినాను. తర్వాత ఆమె కుడిచెయ్యి మణికట్టు పట్టి పైకెత్తి, గదిలో ఉన్న వాళ్లందరికీ చూపించి ఆ మాటలు అన్నాను. పోయి పార పట్టుకో అని కూడా అన్నానంట.

"ఆ పొద్దు బస్సులో చెయ్యి చున్నీ కింద దాచుకుని కూర్చున్నా," అంది. "మళ్లీ ఆరేండ్లు సూది ముట్టలా. నా కూతురి గౌనుకు గుండీ ఊడితే పక్కింటామెతో కుట్టించినా. మా ఆయన కువైట్‌లో ఉంటాడు కదా, ఫోన్లో అది విని నవ్వినాడు. మగ్గం వర్కు నేర్చుకున్నదానికి గుండీ కుట్టను రాదా అని."

ఆమె చెబుతూంటే నేను లోపలంతా వెతుక్కున్నాను. మెరూన్ పట్టు గుర్తొచ్చింది. ఆ గుడ్డ నేత ఎంత దగ్గరగా ఉండేదో గుర్తొచ్చింది. ఆ రవిక అడిగినామె తొందర పెట్టింది కూడా గుర్తొచ్చింది. ఆ పిల్ల ఏడ్చిందా, ఏమైనా అనిందా, ఎట్ల పోయింది, ఒక్కటీ గుర్తు రాలేదు. ఒక మనిషి ఆరేండ్లు మోసిన దినం, నాకు ఒక గుడ్డ రంగుగా మాత్రమే మిగిలింది.

"మరి ఈ పొద్దు ఎందుకొచ్చినావు?" అని అడిగినాను. ఆ మాటలు బయటికి రావడానికి శానా సేపు పట్టింది.

"కోపం పోయినాక వద్దామని చూసినానక్కా. పోలా. అది పోయేదాకా కూర్చుంటే మీ చెయ్యి బిగుసుకుపోతాది. అందుకే కోపంతోనే వచ్చినా."

ఆమె మళ్లీ సూది ఎట్ల పట్టిందో కూడా ఆ పొద్దే చెప్పింది. మూడేండ్ల కిందట వాళ్ల అత్తను ఆసుపత్రిలో చేర్చినారు. పక్క మంచంలో తొండూరు దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలి జేజి, మంచం మీదే కూర్చుని పాతచీరలతో బొంత కుట్టుకుంటా ఉండింది. కండ్లు ఆనక ఈమెను సూదిలో దారం ఎక్కించమని అడిగింది. ఎక్కించి ఇచ్చింది. ఒక వరస కుట్టు పాపా అంది జేజి. నాకు రాదు అంది ఈమె. "నీ వరస నువ్వు కుట్టు, నా వరస నేను కుడతా. కప్పుకునేటోళ్లకు చలి పోతే చాలు," అందంట జేజి. వంకర టింకరగా ఒక వరస కుట్టింది. విప్పబోతే జేజి చేతి మీద తట్టింది. విప్పొద్దు, పక్కన ఇంకో వరస వెయ్యి అంది. అత్త ఇంటికొచ్చే లోపల సగం బొంత ఈమే కుట్టింది.

ఆ పొద్దు ఆమెకు క్షమించమని చెప్పలేకపోయినాను. "మంచినీళ్లు తాగుతావా" అన్నాను. తాగింది. బురఖా వేసుకుంటా, గుడ్డా దబ్బలం అక్కడే పెట్టి, "ఏం కుట్టినా విప్పొద్దక్కా. మళ్లీ గురువారం వస్తా," అని పోయింది.

ఆమె పోయినాక మొదట నాకు వచ్చింది కోపమే. మంచాన పడిన మనిషికి వచ్చి ఇవన్నీ చెప్పాల్నా అనుకున్నాను. నాకు పని నేర్పినాయన కట్టెపుల్లతో వేళ్ల మీద కొట్టేవాడు. నేను ఏనాడూ ఏ పిల్లనూ కొట్టలేదు, దాని గురించి నాకు గర్వం కూడా. అదంతా లోపల చెప్పుకున్నాను. మా ఆయన వచ్చినాక ఆయనతో చెప్పుకున్నాను. నువ్వట్లాంటి దానివి కాదు అంటాడని ఎదురుచూసినాను. ఆయన టికెట్ల మిషన్ సంచి కొక్కేనికి తగిలించి, నిదానంగా అన్నాడు.

"అట్లనే అంటావు మే నువ్వు. నాతో కూడా అంటావు."

"నీతో ఏమన్నాను?"

"ఒకటా రెండా. బస్సులో దినామూ ఎవరో ఒకరు తిడతానే ఉంటారు. ఇంట్లో తిట్టినా నాకు తేడా తెలియకుండా పోయింది."

నవ్వతా అన్నాడు.

గురువారం ఆమె వచ్చింది. తర్వాత ఆదివారం తప్ప దినం మార్చి దినం వచ్చేది. నేను ఎడమచేత్తో వరస తర్వాత వరస కుట్టినాను. ఎంత అసహ్యంగా ఉండేవో చెప్పలేను. ఇరవై రెండేండ్లు ఆ ఎడమచెయ్యి చట్రం కిందే బతికింది. మా పనిలో కుడిచెయ్యి పైన సూది పట్టుకుంటే, ఎడమచెయ్యి గుడ్డ కింద దారం అందిస్తా ఉంటుంది. దాని పని ఎవరికీ కనపడదు. ఒక దినం ఆమె చిన్న చట్రం తెచ్చి రెండు కుర్చీల మధ్య పెట్టింది. నా ఎడమచెయ్యి కింద పెట్టమంది, సూది తాను పైన పట్టుకుంది. సూది దిగగానే నా వేలు దారం అందించింది. నేను చెప్పాల్సిన పని లేకుండానే అందించింది. ఇద్దరి చేతులతో ఒక గొలుసు కుట్టు నడిచింది, మొదట జానెడు, తర్వాత మూరెడు. ఆమె వేళ్లు వణకడం నాకు దారం గుండా తెలుస్తానే ఉంది. ఆ వణుకు నాకు రావాల్సింది, ఆమెకు వచ్చింది. నేను దగ్గరుంటే ఆమె చెయ్యి ఇంకా భయపడతా ఉంది. ఆమె మనసు కాదన్నా చెయ్యి మరిచిపోలేదు.

మూడో నెలలో ఒక ఆదివారం మా ఆయన బస్సులోనే జమ్మలమడుగు పోయినాను. ఆదివారాలు మధ్యాహ్నం ఆమె ఇంట్లో ఆరేడు మంది ఆడవాళ్లు చేరి బొంతలు కుడతారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలకు చిన్నవి, ఇంట్లో ముసలోళ్లకు పెద్దవి. పాతగుడ్డలు ఎవరివి వాళ్లు తెస్తారు. కుట్టింది విప్పకూడదు, ఇంకొకరి వరసకు వంక పెట్టకూడదు, ఇంతే అక్కడి కట్టుబాటు. నా పక్కన కూర్చున్నామె కొత్తగా వచ్చింది. కుట్టు ఒకటి బియ్యపు గింజంత, ఇంకొకటి చిటికెన వేలంత. నాకు నోరు ఆగలేదు. "ఏంది ఆ కుట్టు" అనబోయినాను. కానీ నా మాట ఇప్పుడు నిదానం కదా. అది గొంతులోంచి లేచి నాలుక మీదికి వచ్చే లోపల ఆమె తన వరస ముగించి, దాన్ని చేత్తో సాపు చేసుకుని, లోపల్లోపల నవ్వుకుంది. ఆ నవ్వు చూసినాక మాట మింగేసినాను. ఇన్నేండ్లలో నా నోరు ఇంత వేగంగా లేకపోయుంటే ఎంతమంది మొగాల్లో ఆ నవ్వు చూసి ఉందునో అని లెక్క వేసుకోబోయి, వద్దని మానుకున్నాను.

ఆ మరుసటి వారమే నా గదికి పోయినాను. మెట్లు ఎక్కడానికి శానా సేపు పట్టింది. నేను పడిపోయినాక గది మూతపడింటుంది అనుకున్నాను. చట్రాలు మూడూ పనిలో ఉన్నాయి. పులివెందుల రవిక పిల్లలే ముగించి, ఇద్దరు బస్సెక్కి పోయి ఇచ్చి వచ్చినారంట. పెండ్లికూతురి తల్లి ఎవరు కుట్టినారని అడిగితే, మా అక్కే కుట్టింది అని చెప్పినారంట. వాళ్లు నా పేరు నిలబెట్టినారు. నేను లేకపోతే ఒక్క గీత కూడా సరిగా పడదని ఇన్నేండ్లు నమ్మినాను, వాళ్లను కూడా నమ్మించినాను.

వాళ్లను చుట్టూ కూర్చోబెట్టి అడిగినాను. "నేను మిమ్మల్ని ఏమేం అన్నానో నాకు గ్యాపకం లేదు. మీకుంటాది. చెప్పండి."

ఒక పిల్ల చట్రం తాడు సర్దుకుంది. ఇంకొక పిల్ల పూసల డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. పడిపోయిన దినం నా పక్కన కూర్చున్న పిల్ల, నేను తిట్టబోయిన పిల్ల, తల వంచుకునే చెప్పింది.

"అక్కా, ఒకటి చెప్తా. మిమ్మల్ని ఆటో ఎక్కించింది నేనే కదా. ఆస్పత్రిలో కూడా నేనే ఉన్నా. కానీ మీ చేతిలోంచి సూది పడి మీకు మాట రాకపోయినప్పుడు, నాకు మొదట భయం కాలా. హమ్మయ్య అనిపించింది. ఈ పొద్దు తిట్టదు అనుకున్నా. ఆ తర్వాతే మీ మొగం చూసి భయమయింది. అప్పటినించి దినామూ ఆ మాటే తలుచుకుంటాండా. నాకు పాపం తగుల్తాదా అక్కా?"

ఆ పిల్ల ఏడుస్తా ఉంది. మిగతా వాళ్లలో ఇద్దరు తలలు వంచుకున్నారు. వాళ్లకూ అట్లే అనిపించిందని నాకు అర్థమయింది. నా మొగం వంకర పోయి, చెయ్యి పడిపోయి, నేను మాట కోసం కొట్టుకుంటున్నప్పుడు, నా చుట్టూ కూర్చున్న పిల్లలకు ఒక్క నిమిషం ఊపిరి తీసుకోను వీలు దొరికింది. ఇంతకంటే పెద్ద మాట నా బతుకులో నేను వినలేదు. డాక్టరమ్మ చెప్పిన మాట కూడా దీని ముందు చిన్నదే.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుందామని నా చెయ్యి చాచబోయి, ఏ చెయ్యి చాచాలో తెలియక ఆగిపోయినాను. ఆఖరికి ఎడమచెయ్యే చాచినాను. "పాపం నీకెందుకు తగుల్తాది," అన్నాను. "ఆ పొద్దు నీకట్ల అనిపించడం తప్పు కాదు. నేనే నీకు అట్ల అనిపించేటట్టు చేసినా." ఈ నాలుగు మాటలు చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో. అంతసేపూ ఆ పిల్ల కదలకుండా విన్నది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. కుడిచెయ్యి ఇప్పుడు గ్లాసు పట్టుకుంటుంది, జడ వేసుకోవడానికి రాదు, సూది పట్టడానికి అసలు రాదు. వస్తుందని డాక్టరమ్మ కూడా చెప్పడం మానేసింది. గదిలో బొమ్మలు నేనే గీస్తాను, ఎడమచేత్తో. గీత వణుకుతుంది. పిల్లలు కుట్టేటప్పుడు ఆ వణుకును సరి చేసుకుంటారు, ఒక్కోసారి అట్లే ఉంచేస్తారు. ఎవరికి తోచిన పువ్వు వాళ్లు వేస్తున్నారు. కొందరు గిరాకీలు పోయినారు, గీత మునుపటి మాదిరి లేదని. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు మానేసి ఇంకో చోటికి పోయినారు. వాళ్లను ఎందుకని అడగలేదు. తిట్టు నా నోటి దాకా ఇప్పటికీ వస్తుంది. పిల్లల మీద కంటే నా చేతి మీదే ఎక్కువ వస్తుంది. వచ్చినప్పుడు పని ఆపి, ఒక పాతగుడ్డ మీద రెండు వరసలు కుట్టి, మళ్లీ లేస్తాను. ఒకసారి సరిపోతుంది, ఒకసారి సరిపోదు.

పోయిన నెల జమ్మలమడుగులో, మిగతా ఆడవాళ్లు పోయినాక, ఆమెతో చెప్పినాను. ఆ దినం నేను చేసింది తప్పని, ఆ మాటలు అనకూడదని, నన్ను క్షమించమని. ఫర్వాలేదక్కా అంటుందనుకున్నాను. ఆమె కత్తెర సంచిలో వేసుకుని, "సరే అక్కా," అంది. అంతే అంది.

"మా గదికి వచ్చి పిల్లలకు నేర్పుతావా?" అని అడిగినాను.

ఆమె కింద పడిన దారం ముక్కలు ఏరి చేతిలోకి తీసుకుంది.

"ఆ మెట్లు నేను ఎక్కలేనక్కా. ఒకసారి కింది దాకా వచ్చినా, మీకు చెప్పలా. సందు మొదట్లోనే చెయ్యి వణకను మొదలుపెట్టింది. వెనక్కి పోయినా." తర్వాత అంది, "మీ పిల్లల్నే ఈడికి పంపండి. మీరూ వస్తాండండి."

ఇప్పుడు ఆదివారాలు మా గదిలో పిల్లలు ముగ్గురు, నేను, జమ్మలమడుగు బస్సెక్కి పోతాము. ముందు సీట్లు మా ఆయన మాకు పట్టి పెడతాడు.